పంతొమ్మిది రోజుల పచ్చ

ముప్పై ఏళ్ళు కోషిత్సె ట్రాములకు రంగులేశాను,
ఎరుపు, మీగడ తెలుపు.
గీత వంకరపోతే ఊరంతా చూసేది.
ఇప్పుడు నా షెడ్డు వంటింటి బల్ల,
నా బండి అరచేతిలో పట్టే యుద్ధ ట్యాంకు,
అసలుదానిలో ముప్పై అయిదో వంతు.
చూసేవాళ్ళెవరూ లేరు
పై అంతస్తు పరాస్కా తప్ప.

ముందు నల్లపూత.
చక్రాల సందుల్లో నీడ ముందే వచ్చి కూర్చోవాలి,
తర్వాత పిలిస్తే రాదు.
దానిమీద ఆకుపచ్చ, పలచగా,
అద్దం మీద ఊపిరి ఊదినట్టు, ఆగి ఆగి.
డబ్బా మీద రాసిన పచ్చ ఉన్నదున్నట్టు వేస్తే తప్పు.
నిజం బండిని నలభై అడుగుల దూరం నుంచి చూస్తాం,
మధ్యలో గాలి కొంత రంగు తాగేస్తుంది.
ఆ గాలి వాటా మనమే కలపాలి:
పది చుక్కల పచ్చకి
ఒకటిన్నర చుక్క వెలిసిన గోధుమ రంగు.
తెలుపు మాత్రం వద్దు, సున్నం కొట్టినట్టుంటుంది.

"ఇది ఆ పచ్చ కాదు" అంది పరాస్కా,
నేను అప్పు తెచ్చుకున్న జల్లెడ అడగడానికొచ్చి.
ఆమెకి ఆరేళ్ళప్పుడు, కనుమ దగ్గర,
వాళ్ళ బంగాళాదుంపల చేలోంచే వెళ్ళాయట బండ్లు.
"మరి ఏ రంగు?"
కళ్ళు మూసుకుంది.
"తడి."
తడి అనే రంగు ఏ కంపెనీ అమ్మదు.

నేను వినలేదు. తుప్పు వేశాను, గర్వంగా.
అడుగున ఇటుక రంగు,
దానిమీద జుట్టుకి కొట్టుకునే స్ప్రే
– కొట్లో అమ్మాయి నా బట్టతల చూసి, ఏమీ అనకుండా బిల్లేసింది –
పైన పచ్చ.
ఆరాక గోరువెచ్చని నీళ్ళద్ది
అరిగిన పళ్ళ బ్రష్షుతో రుద్దితే
పచ్చ పెచ్చులుగా లేచి కింద తుప్పు పళ్ళికిలిస్తుంది.
వారం పట్టింది.
పాతికేళ్ళు వానలో నానిన బండి తయారైంది.

పరాస్కా కళ్ళద్దాలు పైకి జరిపింది.
"ఎన్నాళ్ళు బతికిందనుకున్నావిది?
మా చేలోకొచ్చినప్పుడు కొత్తది,
ముట్టుకుంటే పెయింటు వాసన చేతికంటేది.
మా వాగులోనే కాలిపోయింది.
నాన్న లెక్కపెట్టాడు. పంతొమ్మిది రోజులు.
తుప్పు పట్టే తీరికేదీ దానికి?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
తుప్పు కూడా ఒక వయసే.
లోపలున్నవాళ్ళ గడ్డాలు నెరవనట్టే
బయటి ఇనుముకీ అది దక్కలేదు.
పొద్దున్నే బండిని థిన్నరులో ముంచాను.
వారం పని పది నిమిషాల్లో బురదనీళ్ళు.

మళ్ళీ నలుపు. మళ్ళీ పచ్చ.
మాడిన గోధుమ రంగు నూనె పెయింటు టర్పెంటైన్‌లో కరిగించి
సన్నకుంచె కొసతో రివెట్టు పక్కన తాకిస్తే చాలు,
గాడి వెంట తనే పరుగెడుతుంది చీమలబారులా.
బురదకి జల్లించిన ప్లాస్టరు, సుద్దపొడి.
మట్టి రంగడిగితే "మాడిన రొట్టె అడుగు" అంది.
పైభాగం మసకగా ఆరనిచ్చాను.
కిందిభాగం మీద వార్నిషు, అక్కడక్కడ, ఇప్పుడే వాన వెలిసినట్టు.
అప్పుడు తెలిసింది
ఆమె ఆరోజు చెప్పింది రంగు పేరు కాదు, వార్నిషు పేరు.

"మూత అంచు చెంచాలా మెరిసేది" అంది ఇంకోరోజు.
"అక్కడ చెయ్యానించి దిగేవాడు.
ఒకసారి నన్నెత్తి పైన కూర్చోబెట్టాడు.
ఇనుము వెచ్చగా ఉంది, ఆవు పక్క వెచ్చగా ఉన్నట్టు."
"పేరు?"
"ఆరేళ్ళు నాకు. అడగలేదు."

పెన్సిలు ములుకు గరుకు కాగితం మీద అరగదీసి
ఆ పొడి వేలికొసకద్ది
మూత అంచున ఒక్కచోటే రాశాను.
కుంచెతో కాదు.
అసలుదాని మీదా ఆ మెరుపు
వేళ్ళతోనే కదా పడింది.

నిన్న వచ్చి చాలాసేపు చూసింది.
బాగుందని అనలేదు.
"వెనకాల బకెట్టు వేలాడేది" అంది.
టీపొట్లం లోపలి రేకు కత్తిరించి, చుట్టి,
రాగితీగతో పిడి పెట్టాను, బఠాణీ గింజంత.
"పచ్చదేనా?"
"నీలం. మా అమ్మది.
నీళ్ళకని అడిగి తీసుకెళ్ళారు,
తిరిగివ్వలేదు."

జల్లెడ ఆమె చేతికిచ్చేశాను.
బల్ల మీద పది చుక్కల నీలం.
నీలంలోంచి గాలి ఎంత తాగుతుందో
నాకింకా తెలీదు.